మూడో గేరు మలుపు

డిపోలో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ఆయన టైంటేబులే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే దారిలో బస్సు నడిపాడు. పొద్దున్న ఏడూ నలభైకి బస్టాండులో బయల్దేరడం, చాలా దూరం కాలవ పక్కనే, మొత్తం ఇరవై ఆరు కిలోమీటర్లు పోవడం, ఎనిమిదిన్నరకి పక్క ఊళ్ళో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు ముందు ఆగడం. ఆ బస్సు చప్పుడు విని గోడ గడియారం ముల్లు సరిచేసుకునే ఇళ్ళు దారి పొడుగునా ఉండేవి. పెళ్ళినాడు కూడా హాలు తాళం తీసే మనిషికంటే ముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడని భార్య ఆయన్ని జీవితాంతం ఆటపట్టించింది. అందులో నవ్వడానికేముందో ఆయనకి ఎన్నడూ అర్థం కాలేదు.

ఆవిడ ఆ ఫ్యాక్టరీలోనే యూనిఫారం చొక్కాలకి కాలర్లు కుట్టేది. పంతొమ్మిదేళ్ళు మొగుడి బస్సులోనే పనికి వెళ్ళింది. తలుపు పక్కన, అన్నిటికంటే ముందున్న ఒంటి సీటు ఆవిడది. ఇంజను వేడికి జడిసి అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు కాబట్టి దానికి పోటీ కూడా లేదు. సరిగ్గా ఆ సీటుకి ఎదురుగా, అద్దం పైన, "డ్రైవరుతో మాట్లాడరాదు" అని ఎర్ర అక్షరాల బోర్డు ఉండేది. ఆవిడ ఆ బోర్డు మీదే కళ్ళు పెట్టి మొగుడితో మాట్లాడేది. ఎవరైనా వెనకనుంచి దగ్గితే, "నేను బోర్డుతో చెప్పుకుంటున్నానండీ, మీకెందుకు?" అనేది. నిజానికి ఆ ఇద్దరికీ రోజు మొత్తంలో దొరికేది ఆ యాభై నిమిషాలే. మిగతా పొద్దంతా ఆయన డ్యూటీ ఆయనది, ఆవిడ మిషను ఆవిడది.

రోజూ ఒకచోట ఆవిడ తలుపులోంచి బయటికి వేలు చూపించేది.

"ఏమండీ, అదిగో! అటు చూడండి. ఎప్పటికైనా మనం అక్కడికి వెళ్ళాలి. సైకిళ్ళ మీద. ఒక్క బండి మోత వినపడకుండా."

"చూశా, చూశా. రిటైరయ్యాక వెళ్దాంలే."

చూడలేదు. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన తల తిప్పి చూడలేదు. నలభై మంది ప్రాణాలు చేతిలో ఉన్నవాడు పెళ్ళాం చూపించిందని పక్కకి చూడకూడదు. నిజమే, ఒప్పుకుందాం. కానీ చూడలేదని చెప్పొచ్చు కదా! బండి ఆగాక, ఇంతకీ ఏమిటే అది, అని ఒక్క మాట అడగొచ్చు కదా! అడగలేదు. చూశా అనడం ఆయనకి బ్రేకు నొక్కినంత అలవాటైపోయింది, ఆ మాట అంటున్నానన్న స్పృహ కూడా లేకుండా పోయింది.

రిటైరయ్యాడు. మొదటి ఏడాది మోకాలు నొప్పి. రెండో ఏడాది ఇంటికి రంగులు, ఆ వెంటనే కూతురి కాన్పు. వచ్చే చలికాలం తప్పకుండా అన్నాడు. ఆవిడ సరే అంది. ఆ చలికాలం ఇంకా నెల రోజులుందనగా, పదకొండు రోజుల జ్వరంతో వెళ్ళిపోయింది.

ఆర్నెల్లు ఆయన ఇల్లు కదల్లేదు. ఒకరోజు పొద్దున బనీను ఆరేస్తుంటే ఉన్నట్టుండి ఆ వేలు గుర్తొచ్చింది. చూపుడు వేలు, సూది పొడిచి పొడిచి చివర గరుకుతేలిన వేలు. వేలు గుర్తుంది, గొంతు గుర్తుంది, ఆవిడ ముందుకి వంగడం గుర్తుంది. వేలు చూపించిన చోట ఏముందో మాత్రం తెలీదు. ఆవిడ అంతగా మనసు పడ్డ చోటు ఈ భూమ్మీద ఎక్కడో ఉంది, దాన్ని ఒక్కసారి కళ్ళారా చూడకుండానే తనూ పోతానేమోనన్న భయం పట్టుకుంది. తడి బనీను తీగ మీద సగానికి వేసి అలాగే చెప్పులేసుకున్నాడు.

సైకిళ్ళ షాపువాడు ఒక పాత సైకిలు చూపించాడు.

"దీనికి అద్దాలు పెట్టు," అన్నాడు టైంటేబుల్. "రెండు పక్కలా."

"ఎక్కడ తొక్కుతారు సార్?"

"కాలవ అవతలి గట్టు మీద."

"అక్కడ అద్దాలెందుకండీ? సైకిళ్ళు తప్ప ఏమీ రావు. వెనక చూసుకోవడానికి కొంగలు తప్ప ఏమీ కనపడవు."

"కొంగలైనా వెనకనుంచి వస్తే తెలియాలి కదా. పెట్టు."

కాలవకి ఇటు పక్క బస్సులు నడిచే రోడ్డు. అటు పక్క, ఒకప్పుడు పడవలు లాగే మనుషులు నడిచిన గట్టుని చదును చేసి సైకిళ్ళకి వదిలేశారు. మొదట్లోనే ఇనప గుంజలు పాతారు కాబట్టి మోటారు బళ్ళు లోపలికి దూరలేవు. రెండు సైకిళ్ళు పక్కపక్కనే పట్టేంత దారి, దాని పక్కన నీళ్ళు, ఆ పక్కన పొలాలు. సంచులు కట్టుకుని రోజుల తరబడి తొక్కుకుంటూ పోయేవాళ్ళు అప్పుడొకరు ఇప్పుడొకరు కనిపిస్తారు. ఆ నిశ్శబ్దానికి మొదటిరోజు మన టైంటేబుల్ బిత్తరపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్నవాడికి తన ఊపిరి తనకే వినపడితే ఏదో రిపేరు వచ్చిందనిపించదూ? రెండుసార్లు దిగి చైను చూసుకున్నాడు.

అలవాట్లు ఎక్కడికి పోతాయి? మనిషి లేని దారిలో పక్కకి తిరగాలంటే చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చేవాడు. గట్టు పక్కన ఎవరు నిలబడి కనిపించినా ఆయన కాలు దానంతటదే ఆగిపోయేది. గేదెలు కాసే ఒక పెద్దావిడ ముందు ఇలా మూడు రోజులు వరసగా ఆగితే, నాలుగో రోజు ఆవిడే అడిగింది, "ఏం కావాలి నాయనా, రోజూ ఆగుతావు?" అని. ఎక్కుతారేమోనని ఆగానని చెప్పలేక, మంచినీళ్ళు అడిగి తాగి వచ్చాడు.

పన్నెండు రోజులు తిరిగాడు. ఇవతల బస్సు వెళ్ళే రోడ్డుని కనిపెట్టుకుని అవతల గట్టు మీద తొక్కుతూ, ఆవిడ ఎక్కడ వేలు చూపించి ఉంటుందా అని వెతికాడు. పావురాల గూళ్ళున్న పెంకుటిల్లు కనిపించింది. ఇదేనా? బోర్లా పడుకోబెట్టిన పడవ, దాని మీద ఆరేసిన వలలు. ఇదా? నీళ్ళ మీదికి వాలిన చెట్టు, చెక్క వంతెన, పసుపుపచ్చటి పూల తోట. అన్నీ బాగానే ఉన్నాయి. ప్రతిచోటా దిగి నిలబడి, ఇదేనా చెప్పు, ఇదేనా, అని లోలోపల బతిమాలాడు. ఏదీ అవుననలేదు. ఆవిడ ఎప్పుడు అదిగో అన్నా, అప్పుడు తన చెయ్యి నాలుగో గేరులోంచి మూడుకి దింపుతూ ఉండేదన్నది ఒక్కటే ఆయనకి గట్టిగా గుర్తు. కానీ ఆ రోడ్డు మీద మూడో గేరు అడిగే మలుపులు ఏడున్నాయి. సైకిలుకి ఆ గేర్లూ లేవు, గట్టుకి ఆ మలుపులూ లేవు.

పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర రోడ్డు కాలవని వదిలి దూరంగా తిరిగిపోతుంది. గట్టు దారి మాత్రం కాలవతోపాటు తిన్నగా పోతుంది. అక్కడ మనిషెత్తు రెల్లు దుబ్బులు అడ్డు, గట్టు మీద నిలబడితే రోడ్డు కనిపించదు. అక్కడికి రాగానే టైంటేబుల్ పన్నెండు రోజులూ చెయ్యి చాపి, సిగ్నల్ ఇచ్చి, వెనక్కి తిరిగాడు. బస్సు కనపడని చోటు బస్సుకి మాత్రం ఎలా కనపడుతుంది? పైగా ముప్ఫై ఏళ్ళలో రూటు దాటి ఒక్క గజం వెళ్ళినవాడు కాదు. అది తన రూటు కాదు, అంతే.

పదమూడో రోజు కూతురు పనిచేసేచోటికి వెళ్ళాడు. ఆ అమ్మాయి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. బల్ల మీద పింక్ రంగు చిగుళ్ళు వరసగా ఆరబెట్టి, ఒక్కొక్క పన్ను చిమటాతో పెడుతోంది.

"సైకిలు తొక్కుతున్నావటగా నాన్నా. మోకాలు సంగతేంటి?"

"అది బానే ఉంది. అమ్మా, మీ అమ్మ కాలవ పక్కన ఏదో చోటు గురించి చెప్పేది. నీతో ఎప్పుడైనా చెప్పిందా?"

కూతురు చిమటా ఆపి నవ్వింది. "చెప్పకపోవడమేంటి? వారానికోసారి చెప్పేది. నేను ఎక్కడమ్మా అదంటే, నీకు చెప్తే తెలీదే, మీ నాన్నకి తెలుసు, రోజూ చూస్తారు, ఆయనే తీసుకెళ్తారు అనేది. నువ్వు వెళ్ళొచ్చావా? ఎలా ఉంది?"

మిగతా అన్నీ తట్టుకున్నాడు కానీ, తను చూశాడని ఆవిడ నమ్మిందన్నది తట్టుకోలేకపోయాడు. చిగుళ్ళ వరస వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నేను చూడలేదమ్మా," అన్నాడు చివరికి.

"ఏంటి?"

"ఒక్కసారి కూడా చూడలేదు. చూశా అనేవాణ్ణి. అంతే."

కూతురికి కోపం వచ్చింది. అది దాచుకోలేదు కూడా. "పంతొమ్మిదేళ్ళా నాన్నా?" అంది. ఒక పన్ను తిరగేసి పెట్టి, మళ్ళీ పీకి సరిచేసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, "ఎక్కణ్ణుంచి వెతుకుతున్నావు?"

"అవతలి గట్టు మీద నుంచి."

"అమ్మ గట్టు మీద నుంచి చూసిందా? బస్సులోంచి కదా చూసింది! అచ్చు తిరగేసి ఇస్తే ఏది ఏ పన్నో నాకే తెలీదు, నీకెలా దొరుకుతుంది? వెళ్ళి అమ్మ సీట్లో కూర్చో."

ఇంత చిన్న ముక్క ఆయనకి తట్టకపోవడానికి కారణం ఉంది. రిటైరయ్యాక ఆయన మళ్ళీ ఆ బస్సెక్కలేదు. ఇంకొకరు నడుపుతుంటే ప్యాసింజరులా చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చోవడం ఆయనకి చిన్నతనం. మర్నాడు ఆ చిన్నతనాన్ని మింగి ఏడూ ముప్ఫైకల్లా బస్టాండులో ఉన్నాడు.

ఇప్పుడు ఆ బస్సు నడిపేది ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. ఆయన్ని చూడగానే సీట్లోంచి లేవబోయింది.

"గురువుగారూ! మీరా? రండి రండి."

"లేవకమ్మా. డ్రైవరు సీట్లోంచి లేస్తే బండికి అవమానం." ముందు సీట్లో కూర్చున్నాడు. వేడి లేదు. "ఇంజను చల్లగా ఉందేంటి?"

"కరెంటు బండి కదండీ. వేడీ లేదు, చప్పుడూ లేదు, గేర్లూ లేవు."

"గేర్లు లేవా?"

"లేవండీ. తొక్కడం, ఆపడం, అంతే."

ఆయన మొహం వాడిపోయింది. ఇంజను గొంతు మారినప్పుడు పట్టుకోవచ్చనుకున్నాడు. ఆ గొంతే లేకపోతే ఏ మలుపని పట్టుకునేది? దిగిపోదామా అనుకునేలోపే ఏడూ నలభై అయింది, బస్సు కదిలింది. టైముకి కదిలిన బస్సులోంచి దిగిపోవడం ఆయన ఒంట్లో లేదు.

బస్సు నీళ్ళ మీద పోతున్నట్టు పోతోంది. మొదటి మలుపు వచ్చింది. ఆయన ఎడమ పాదం దానంతటదే నేలని నొక్కింది, లేని క్లచ్చుని. చెయ్యి ఒళ్ళోంచి లేచి, లేని గేరు రాడ్డుని కిందికి లాగింది. వెనక సీట్లో పిల్ల ఎవరో కిసుక్కున నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. రెండో మలుపుకీ అంతే, మూడో దానికీ అంతే. కాళ్ళూ చేతులూ ఏవీ మరిచిపోలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు, వాటినే నడపనిచ్చాడు. నాలుగు. ఐదు. బయట పెంకుటిల్లు, పడవ, చెక్క వంతెన పోతున్నాయని ఆయనకి లెక్క తెలుస్తూనే ఉంది.

ఆరో మలుపు. పాదం నొక్కింది, చెయ్యి లాగింది, నోరు దానంతటదే, "చూశా, చూశా," అంది.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, ముప్ఫై మూడేళ్ళలో మొదటిసారి, ఆ చోట తల పక్కకి తిప్పాడు.

బస్సు ఎత్తులోంచి రెల్లు దుబ్బుల తలలు కిందికి ఉన్నాయి. వాటి మీదుగా, రోడ్డుని వదిలేసి, కాలవా గట్టు దారీ తిన్నగా పొలాల్లోకి వెళ్ళిపోతున్నాయి. దారి మీద ఎవరూ లేరు. ఇల్లు లేదు, వంతెన లేదు, వింత అనదగ్గది ఏమీ లేదు. ఎండ పడిన ఖాళీ దారి ఒకటి, చూపు ఆనే చివరికంటా, ఒక్క వాహనమైనా లేకుండా పోతోంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు కనిపించింది. తర్వాత బస్సు మలుపు తిరిగింది, చెట్లు అడ్డొచ్చాయి.

ఆ నాలుగు అంకెలసేపూ డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉండి తీరాల్సిన చోటది. ఎదురు బండి కనపడని మలుపు. రోజులో ఏ నిమిషాన చూపించినా ఎప్పుడో ఒకసారి చూసేవాడేమో. ఆవిడ చూపించాలనుకున్నది మాత్రం సరిగ్గా ఆయన చూడలేని చోటే ఉంది. ఆ పైన పన్నెండు రోజులు స్వయంగా దాని గుమ్మం దాకా వెళ్ళి, చెయ్యి చాపి సిగ్నల్ కూడా ఇచ్చి, వెనక్కి తిరిగొచ్చిన ఘనుడు.

"ఏమైందండీ? ఒంట్లో బాగా లేదా?" డ్రైవరమ్మాయి అడిగింది, తల కొంచెం తిప్పి.

"రోడ్డు చూడమ్మా. నన్ను కాదు, రోడ్డు చూడు," అన్నాడు ఆయన. చెంపలు తడిసిపోతున్నా తుడుచుకోలేదు.

తిరుగు బస్సులో వచ్చి, సైకిలు తీసి, ఎండ నెత్తి మీద ఉండగానే గట్టెక్కాడు. ఈసారి పెంకుటింటి దగ్గర ఆగలేదు. పెద్దావిడ దగ్గర అలవాటుకొద్దీ కాలు ఆగింది. "దాహమా నాయనా?" అందావిడ. "కాదమ్మా, ఇవాళ ముందుకి పోతున్నా," అన్నాడు. రెల్లు దుబ్బుల దగ్గర చెయ్యి చాపబోయి, మానేసి, తిన్నగా పోయాడు.

అర కిలోమీటరు పోయేసరికి రోడ్డు మోత పూర్తిగా పోయింది. అంతకుముందు దాన్నే నిశ్శబ్దం అనుకున్నాడు కానీ కాదు, రోడ్డు ఎప్పుడూ చెవిలో ఉంటూనే ఉంది. ఇక్కడ టైర్ల కింద మట్టి నలిగే చప్పుడు, నీళ్ళలోకి కప్ప దూకిన చప్పుడు, దూరంగా ఎవరో పొలంలో ఎవరినో పిలుస్తున్న గొంతు. అద్దాల్లో ఎవరూ లేరు. ఇంత హాయి లోకంలో ఉందని ఆవిడకి తెలుసు. పొగ పీల్చుకుంటూ, ఆ వేడి సీట్లో కూర్చుని, రోజుకి నాలుగు అంకెలసేపు దీన్ని చూసి, ఆ తర్వాత రోజంతా తల వంచుకుని కాలర్లు కుట్టింది. ఆయనకి తన మీద తనకి పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలో ఒక కిలోమీటరు తొక్కాడు. తర్వాత కోపం పోయి, ఆవిడ కావాలనిపించింది. ఇప్పుడు, ఇక్కడ, ఈ పక్కన కావాలనిపించింది. అప్పుడు గమనించాడు, తను గట్టు అంచునే తొక్కుతున్నాడు. పక్కన ఇంకొక సైకిలు పట్టేంత చోటు వదిలేసి ఉంది.

ఎదురుగా ఇద్దరు వస్తున్నారు. నడివయసు ఆలుమగలు, సైకిళ్ళకి రెండు పక్కలా సంచులు, పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ. ఆ గట్టు మీద మర్యాద ఒకటుంది. ఎదురు మనిషి కనపడితే జంటగా వచ్చేవాళ్ళు విడిపోయి ఒకరి వెనక ఒకరు రావాలి. ఆ భార్య మర్యాదకి తగ్గట్టే వేగం తగ్గించి భర్త వెనక్కి పోబోయింది.

టైంటేబుల్ గభాలున బ్రేకు నొక్కి దిగాడు. సైకిలు ఎత్తి గడ్డిలోకి దింపి, బస్టాండులో బండికి దారిచ్చినట్టు చెయ్యి ఊపాడు.

"రండి, రండి! విడిపోకండి. అలాగే కలిసి రండి!"

వాళ్ళు నవ్వుతూ దగ్గరికి వచ్చి ఆగారు. "అయ్యో, మా కోసం మీరు దిగడమేంటండీ?" అంది ఆవిడ.

"ఫరవాలేదమ్మా. ముందు ఏముంది?"

"ఏమీ లేదండీ!" అంది ఆవిడ, మొహం వెలిగిపోతూ. "మూడు రోజుల్నుంచి తొక్కుతున్నాం. చివరిదాకా ఇంతే. ఏమీ లేదు."

"పన్నెండేళ్ళు పోరింది," అన్నాడు భర్త. "ఇప్పటికి కదిలాను. మీరు ఒక్కరే వచ్చారా?"

"ఒక్కణ్ణే," అన్నాడు టైంటేబుల్.

వాళ్ళు పక్కపక్కనే వెళ్ళిపోయారు. ఆ భర్త ఏదో అన్నాడు, ఆవిడ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు వినపడినంతసేపూ ఆయన గడ్డిలో నిలబడి విన్నాడు. తర్వాత సైకిలు గట్టెక్కించి, మళ్ళీ అంచునే తొక్కుకుంటూ, సాయంత్రం దాకా ముందుకే పోయాడు. ఎంత దూరం పోయినా దారి అంత అందంగానూ ఉంది, పక్కన అంత చోటూ ఖాళీగానే ఉంది.